ఇంజనులో పోయిన నీళ్ల జాడ

ఈనాటి ప్రసంగంలో నీళ్లతో చల్లబడే ఇంజను గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. ఇంజనులోకి పంపిన నీళ్లు పోవలసిన దారిన పోక, మరెక్కడికో పోతున్నాయని అనుమానం వస్తే ఏం చేయాలి? ఎక్కడ కారుతున్నదో ఎట్లా కనుక్కోవాలి? మేస్త్రీని పిలిచే ముందు మనంతట మనం ఏమేం చూసుకోవచ్చు? ఇదీ విషయం.

మా ఊరు మర్ఖేల్. నాందేడ్ జిల్లా దెగ్లూర్ తాలూకా. మా తాలూకాకు ఒక వైపు కర్ణాటకలోని ఔరాద్, మరో వైపు తెలంగాణలోని మద్నూరు. బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగు, బజారులో రెండూ కలిపి మాట్లాడుకునే ప్రాంతం మాది. నీళ్లు కారడాన్ని మరాఠీలో 'గళతి' అంటారు. హిందీలో 'గల్తీ' అంటే తప్పు. ఈ రెండు మాటలకూ చుట్టరికం లేదు కాని, ఇంజను దగ్గర రెండూ కలిసే వస్తాయి. గళతి ఒక చోట ఉంటే, గల్తీగా ఇంకో చోట విప్పుతాం. హెడ్డు విప్పి, గ్యాస్కెట్ మార్చి, రెండు రోజుల కూలి ఇచ్చి, మళ్లీ బిగించాక నీళ్లు అట్లాగే కారుతుంటాయి. ఆ రెండు రోజుల్లో శనగ చేనుకు అందవలసిన తడి అందదు. పైరు మన కోసం ఆగదు కదా. అందుకే, విప్పకముందే తెలుసుకోవడం ఎట్లాగో చెప్పడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

కరెంటు మోటార్లు వచ్చిన తరువాత డీజిల్ ఇంజన్ల వాడకం తగ్గిన మాట నిజమే. అయినా నది ఒడ్డున, వాగు పక్కన, కరెంటు తీగ చేరని చెలకల్లో, కరెంటు పోయిన వేళల్లో ఇప్పటికీ ఇంజనే ఆధారం. ఇక ట్రాక్టరు ఇంజను సంగతి చెప్పనక్కరలేదు. దానికీ నీళ్లే చల్లదనం.

ముందుగా, ఇంజనుకు నీళ్లెందుకో గుర్తు చేసుకుందాం. మనం పోసిన డీజిలులోని శక్తిలో సుమారుగా మూడో వంతు మాత్రమే పనిగా మారుతుంది. మరో మూడో వంతు పొగతో పాటు బయటికి పోతుంది. మిగిలిన వేడిలో చాలా భాగం సిలిండరు గోడలకు, హెడ్డుకు ఎక్కుతుంది. ఆ వేడిని ఎప్పటికప్పుడు తీసుకుపోకపోతే పిస్టను వ్యాకోచించి సిలిండరుకు పట్టేస్తుంది. అందుకని సిలిండరు చుట్టూ, హెడ్డు లోపల ఖాళీలు వదిలి, వాటిలో నీళ్లు తిప్పుతారు.

నీళ్లు తిప్పే పద్ధతులు రెండు రకాలు. మొదటిది, ఉన్న నీళ్లనే మళ్లీ మళ్లీ తిప్పడం. ట్రాక్టరులో రేడియేటరు ఉంటుంది. కొన్ని ఇంజన్లకు పక్కన డ్రమ్ము ఉంటుంది. వేడెక్కిన నీళ్లు పైకి చేరి, చల్లబడి, కింది నుంచి తిరిగి ఇంజనులోకి వస్తాయి. ఇక్కడ నీళ్లు కొలతగా ఉంటాయి. కాబట్టి మట్టం తగ్గితే కంటికి కనిపిస్తుంది.

రెండో పద్ధతి మన బావుల మీద ఎక్కువగా కనిపించేది. పంపు తోడిన నీళ్లలో కొంత సన్నటి పైపు ద్వారా ఇంజనులోకి మళ్లిస్తారు. అవి ఇంజనును చల్లబరచి, వేడిగా బయటికి వచ్చి కాలువలో పడతాయి. ఏటిలో తిరిగే పడవలో కూడా ఇంజను చాలా చోట్ల ఇట్లాగే ఏటి నీళ్లు పీల్చుకుని, వేడి చేసి, తిరిగి ఏటిలోకే వదులుతుంది. ఇక్కడొక చిక్కు ఉంది. వచ్చే నీళ్లకు అంతు లేదు. లోపల చెంబెడు నీళ్లు దారి తప్పినా మట్టం తగ్గడమంటూ ఉండదు. బావి మీద ఇంజనుకూ, పడవలోని ఇంజనుకూ ఇదే పెద్ద ప్రమాదం. జబ్బు పైకి కనిపించదు. అందుకే ఇట్లాంటి ఇంజనులో పోయిన నీళ్ల కోసం కాకుండా, అవి చేరిన చోటు కోసం వెతకాలి.

దారి తప్పిన నీళ్లు చేరగల చోట్లు మూడే. ఒకటి, ఇంజను బయటికి. రెండు, కింద ఆయిల్ చాంబరులోకి. మూడు, సిలిండరులోకి. ప్రతి దానికీ తనదైన గుర్తు ఉంటుంది. ఒక్కొక్కటిగా చూద్దాం. బయటి నుంచి లోపలికి, ఖర్చు లేని పరీక్ష నుంచి ఖర్చుతో కూడిన పరీక్షకు పోవాలి. ఈ వరుస తప్పవద్దు.

మొదటిది, బయటికి కారడం. ఇది అందరికన్నా మంచి దొంగ. దొరికిపోతాడు. చల్లగా ఉన్న ఇంజనును పాత గుడ్డతో పొడిగా తుడవండి. కింద పాత వార్తాపత్రిక పరచండి. ఇంజను నడిపి, పావుగంట చూడండి. కాగితం మీద చుక్క ఎక్కడ పడిందో, దానికి నిట్టనిలువుగా పైన చూడండి. అక్కడే ఆగిపోవద్దు. నీళ్లు పుట్టిన చోటు ఒకటి, రాలే చోటు మరొకటి కావచ్చు. పైపు పట్టీ దగ్గర పుట్టిన చుక్క ఇంజను ఒంటి వెంట జారి మూరెడు దూరంలో రాలుతుంది. తడి ఎక్కడ మొదలైందో పైకి వెతుక్కుంటూ పోవాలి.

ఇంజను ఆగి ఉన్నా గుర్తులు ఉంటాయి. బావి నీళ్లలో సున్నపు పాలు ఉంటే, కారి ఎండిన చోట తెల్లటి చార మిగులుతుంది. తుప్పు చార ఎర్రగా ఉంటుంది. రబ్బరు గొట్టాలను చేతితో నొక్కి చూడండి. పగుళ్లు ఉంటే విచ్చుకుంటాయి. ఇనుప పోతలో అక్కడక్కడా బిళ్లల్లాగా రేకు మూతలు కొట్టి ఉంటాయి. అవి లోపలి నుంచి తుప్పు తిని కారుతుంటాయి.

ట్రాక్టరు నీళ్ల పంపు కింద ఒక చిన్న రంధ్రం ఉంటుంది. దాని నుంచి నీళ్లు చుక్కలు చుక్కలుగా పడుతుంటే, కొందరు సబ్బు ముద్దో, మైనపు ముద్దో పెట్టి మూస్తారు. అది చేయకూడని పని. లోపలి సీలు అరిగిందని చెప్పడానికే ఆ రంధ్రం పెట్టారు. దాన్ని మూస్తే నీళ్లు బేరింగులోకి పోతాయి. చుక్క పడుతుంటే పంపు మరమ్మతు చేయించాలి గాని, రంధ్రం నోరు మూయకూడదు.

రెండోది, ఆయిల్‌లోకి పోవడం. ఇదే అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది. బేరింగుకూ, తిరిగే ఇరుసుకూ మధ్య పలచటి ఆయిల్ పొర ఉన్నంత కాలం ఇనుము ఇనుమును రాయదు. ఆయిల్‌లో నీళ్లు కలిస్తే ఆ పొర తెగుతుంది. శబ్దం వినపడే వేళకు బేరింగు పోయే ఉంటుంది.

దీన్ని కనుక్కోవడానికి ఏడో తరగతి పిల్లలకు తెలిసిన సూత్రం చాలు. నీళ్లు నూనె కన్నా బరువు. కలిసి చిలికినప్పుడు తెల్లగా కనిపిస్తాయి, కదలకుండా ఉంచితే నీళ్లు అడుక్కు చేరతాయి. కనుక రెండు సార్లు చూడాలి. సాయంత్రం ఇంజను ఆపగానే ఆయిల్ గేజి పుల్ల తీసి చూడండి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో, మజ్జిగలాగా చిక్కగా ఉంటే నీళ్లు కలిసినట్టే. మట్టం గీత దాటి పైకి వచ్చిందా అన్నది కూడా చూడాలి. ఇంజను ఆయిల్ కొంచెం కొంచెంగా తగ్గడం సహజం. మనం పోయకుండా పెరిగిందంటే మాత్రం ఎవరో పోస్తున్నారన్న మాట.

తెల్లవారి, ఇంజను మొదలుపెట్టకముందే, కింద గాజు సీసా పట్టుకుని ఆయిల్ దింపే బోల్టును మెల్లగా, చుక్కలు రాలేంత వరకే వదులు చేయండి. రాత్రంతా కుదురుకున్న నీళ్లు అడుగున ఉంటాయి కాబట్టి మొదట అవే వస్తాయి. మొదటి చుక్కలే ఆయిల్ అయితే, పెద్దగా నీళ్లు లేవని అర్థం. బోల్టు బిగించేయండి.

ఇంకా అనుమానం ఉంటే తాలింపు పరీక్ష చేయవచ్చు. పాత రేకు ముక్కను వేడి చేసి, మంట నుంచి పక్కకు తీసి, దూరంగా నిలబడి దాని మీద రెండే రెండు చుక్కల ఆయిల్ వేయండి. నీళ్లు ఉంటే ఆవాలు చిటపటలాడినట్టు చిటపటమంటుంది. లేకపోతే నిశ్శబ్దంగా పరుచుకుని పొగ వస్తుంది. పిల్లల చేత ఈ పని చేయించవద్దు. ముఖం దగ్గరగా పెట్టవద్దు.

ఇక్కడ రెండు మోసాలున్నాయి. ఆయిల్ మట్టం పెరిగింది కాని తెల్లగా లేదు, పలచబడింది, డీజిలు వాసన వస్తోంది అంటే, కారుతున్నది నీళ్లు కావు, డీజిలు. డీజిలు పంపు దగ్గర చూసుకోవాలి. రెండో మోసం చలికాలంలోది. ఆయిల్ పోసే మూత అడుగున కొంచెం వెన్నలాంటి తెల్లటి పూత కనిపిస్తుంది, గేజి పుల్ల మీద ఆయిల్ మాత్రం శుభ్రంగా ఉంటుంది. అది గాలిలోని తేమ. ఇంజను రోజూ పది నిమిషాలు నడిపి ఆపేస్తుంటే ఆ తేమ ఆవిరై పోయేంత వేడి రాదు. బరువు మీద గంటసేపు నడిపితే అదే పోతుంది. దానికి హెడ్డు విప్పవద్దు.

ఆయిల్‌లో నిజంగానే నీళ్లున్నాయి. మరి ఏ తలుపు గుండా వచ్చాయి? ముఖ్యంగా రెండు తలుపులు. పైన హెడ్డుకూ సిలిండరుకూ మధ్య ఉన్న గ్యాస్కెట్. కింద లైనరు అడుగున ఉన్న రబ్బరు రింగులు. లైనరంటే సిలిండరు లోపల తొడిగిన ఇనుప గొట్టం. చాలా ఇంజన్లలో దాని బయటి ఒంటికి నీళ్లు నేరుగా తగులుతుంటాయి. ఆ నీళ్లు కిందికి, ఆయిల్ చాంబరులోకి దిగకుండా రబ్బరు రింగులు ఆపుతాయి. ఏళ్ల తరబడి వేడికి రబ్బరు గట్టిపడి, పగిలి, పట్టు వదులుతుంది. ఇవి కాక, హెడ్డు గాని, సిలిండరు పోత గాని పగలడం మూడో కారణం. అది అరుదు.

గ్యాస్కెట్టా, రింగులా అని తేల్చే పరీక్ష ఒకటి ఉంది. దీనికి గడియారం లాంటి పరికరాలు అక్కరలేదు. ఒక బకెట్టు, ఒక రబ్బరు గొట్టం చాలు. 10 మీటర్ల ఎత్తున్న నీటి స్తంభం చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ఒత్తిడి ఇస్తుంది. 3 మీటర్ల ఎత్తు అందులో మూడో వంతు కన్నా కొంచెం తక్కువ ఇస్తుంది. ఆ మాత్రం చాలు. ఇంజను ఆపి, చల్లారనివ్వండి. ఇంజను నుంచి నీళ్లు బయటికి వచ్చే దారి మూసేయండి. లోపలికి పోయే దారికి గొట్టం తగిలించి, నీళ్లు నింపిన బకెట్టును చెట్టు కొమ్మకో, గోడ మీదికో 3 మీటర్ల ఎత్తున పెట్టండి. ఆయిల్ దింపేసి, ఇంజను పక్కన ఉండే తనిఖీ మూతను విప్పి, టార్చి లైటు వేసి లోపలికి చూడండి. గంటసేపు ఓపిక పట్టండి. లైనరు కింది అంచు చుట్టూ చెమట పట్టినట్టు తడి చేరి చుక్క రాలితే, దోషం రబ్బరు రింగులది. అంచు పొడిగా ఉండి, పిస్టను మీది నుంచి లైనరు లోపలి గోడ వెంట నీళ్లు దిగుతుంటే, దోషం పైన ఉంది. గ్యాస్కెట్టో, హెడ్డు పగులో చూడాలి. చూశారా, పానా పెద్దగా పెట్టకుండానే సగం సంగతి తేలింది.

మూడోది, సిలిండరులోకి పోవడం. నిప్పు మండే చోటికి నీళ్లు పోతే అవి ఆవిరి అవుతాయి. సైలెన్సరు నుంచి తెల్లటి పొగ వస్తుంది. అయితే తెల్లగా వచ్చిందల్లా ఆవిరి కాదు. చలి పొద్దున మొదలుపెట్టినప్పుడు కాలని డీజిలు కూడా తెల్లగానే వస్తుంది. అది కళ్లు మండిస్తుంది, డీజిలు వాసన వేస్తుంది, ఇంజను వేడెక్కగానే తగ్గుతుంది. ఆవిరికి వాసన ఉండదు. ఇంజను వేడెక్కాక కూడా తగ్గదు. పొగకు దూరంగా ఒక చల్లటి స్టీలు పళ్లెం పట్టి చూడండి. నీటి బిందువులు దట్టంగా చేరితే ఆవిరి. జిడ్డుగా అంటితే డీజిలో, ఆయిలో. నీలి పొగ ఆయిల్ కాలుతున్నదానికి గుర్తు. నల్ల పొగ బరువు ఎక్కువైందని గాని, గాలి చాలడం లేదని గాని చెబుతుంది.

గ్యాస్కెట్ పోయినప్పుడు నీళ్లు సిలిండరులోకి రావడమే కాదు, సిలిండరులోని గాలి నీళ్లలోకి పోవచ్చు కూడా. ట్రాక్టరు చల్లగా ఉన్నప్పుడు రేడియేటరు మూత తీసి, మొదలుపెట్టి చూడండి. మొదట కొన్ని బుడగలు రావడం సహజం. ఆగకుండా, ఇంజను దెబ్బకు తగ్గట్టు బుడగలు వస్తూనే ఉంటే గ్యాస్కెట్ మీద అనుమానం పడాలి. బావి మీద ఇంజనైతే, వేడి నీళ్లు బయటికి పడే గొట్టం మూతిని బకెట్టు నీళ్లలో ముంచి, ఇదే విధంగా చూడవచ్చు. ఇంజను బావి లోపల ఉంటే, పొగ బయటికి పోయే గొట్టం సరిగా ఉందని చూసుకున్న తరువాతే దిగండి. ఆ పొగ ప్రాణాంతకం.

సిలిండరులో నీళ్లుంటే అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త ఒకటి చెబుతాను, దయచేసి వినండి. గాలిని నొక్కవచ్చు, నీళ్లను నొక్కలేం. ఇదీ బడి పాఠమే. మన ప్రాంతంలో పేరున్న కిర్లోస్కర్ ఏవీ-1 ఇంజనునే తీసుకోండి. 5 హార్స్‌పవర్, నిమిషానికి 1500 చుట్లు. సిలిండరు లోపలి వ్యాసం 80 మిల్లీమీటర్లు, పిస్టను నడక 110 మిల్లీమీటర్లు. లెక్క కడితే పిస్టను పైకి వచ్చేసరికి మిగిలే ఖాళీ సుమారు 36 మిల్లీలీటర్లు. అంటే రెండున్నర పెద్ద చెంచాలు. అంతకు మించి నీళ్లు చేరితే పిస్టనుకు పైకి రావడానికి చోటు ఉండదు. అప్పుడు బలవంతంగా తిప్పితే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. హెడ్డు కూడా పగలవచ్చు.

కాబట్టి అనుమానం ఉన్న ఇంజనును ఎన్నడూ నేరుగా మొదలుపెట్టవద్దు. డీజిలు ఆపి, గాలి వదిలే పిడి పైకెత్తి, హ్యాండిలుతో మెల్లగా రెండు మూడు చుట్లు చేతితో తిప్పి చూడండి. ఒక చోట గోడకు తగిలినట్టు ఆగినా, సైలెన్సరు నుంచి నీళ్లు చిందినా, అక్కడితో ఆపండి. నాజిలు విప్పి, ఆ రంధ్రం ద్వారా నీళ్లు పోయేలా తిప్పాలి.

రాత్రికి రాత్రి ఇన్ని నీళ్లు ఎక్కడివని మీకు సందేహం రావచ్చు. దానికి సమాధానం ఇంజను ఆగి ఉన్న సమయంలోనే ఉంది. పంపు ఆపినా, ఫుట్ వాల్వు సరిగా ఉంటే పైపులో నీళ్లు నిలిచే ఉంటాయి. ఇంజను బావిలో దిమ్మె మీద ఉండి, పైపు 20 అడుగులు పైకి పోతే, ఆ నీటి బరువంతా రాత్రంతా ఇంజను లోపలి గ్యాస్కెట్ మీద, రింగుల మీద ఉంటుంది. పగలు చెమ్మగా ఊరేది రాత్రికి గ్లాసెడు అవుతుంది. దీనికి మందు సులువు. చల్లార్చే నీళ్ల సన్నపైపుకు ఒక నల్లా పెట్టించండి. పని అయ్యాక ఇంజనును రెండు మూడు నిమిషాలు బరువు లేకుండా తిప్పి, ఆపి, నల్లా మూసేయండి. పొద్దున తెరవడం మరచిపోతే ఇంజను కాలిపోతుంది. అందుకని, మూసినప్పుడు హ్యాండిలుకు ఎర్ర గుడ్డ ముక్క కట్టండి. గుడ్డ విప్పకుండా ఇంజను తిప్పరు కదా.

సిలిండరులోకి నీళ్లు వచ్చే మరో దారిని చాలామంది ఊహించరు. అది సైలెన్సరు. మా ప్రాంతపు రైతు ఒకరి ఇంజనులో ఒక వానాకాలం ఆయిల్ తెల్లబడింది. మేస్త్రీ వచ్చి హెడ్ గ్యాస్కెట్ మార్చాడు. పది రోజులకు మళ్లీ తెల్లబడింది. మళ్లీ గ్యాస్కెట్. మూడోసారి ఆ రైతు ఇంజనుకు నీళ్ల పైపే తగిలించకుండా, ఆయిల్ మార్చి, వారం రోజులు ముట్టుకోకుండా వదిలేశాడు. నీళ్లు లేని ఇంజనులో ఆయిల్ తెల్లబడకూడదు. కాని అడుగు బోల్టు వదులు చేస్తే ముందు నీళ్లే వచ్చాయి. తల పైకెత్తి చూస్తే సైలెన్సరు గొట్టం ఆకాశం వైపు నోరు తెరిచి ఉంది. వాన నీళ్లు గొట్టంలో పడి, తెరిచి ఉన్న వాల్వు గుండా సిలిండరులోకి, అక్కడి నుంచి పిస్టను పక్కగా ఆయిల్‌లోకి దిగుతున్నాయి. ఒక డబ్బా మూతతో జబ్బు నయమైంది. ఆ రైతు చేసినదే అసలైన పరీక్ష. అనుమానం ఉన్న రెండింటిలో ఒకదాన్ని తీసేసి, జబ్బు పోయిందా లేదా అని చూశాడు.

పడవ ఇంజన్లలో ఈ సైలెన్సరు దారే పెద్ద శత్రువు. కాకినాడ, విశాఖపట్నం రేవుల్లో చేపల వేటకు పోయే మర పడవల్లో ఎక్కువగా డీజిల్ ఇంజన్లుంటాయి. అమెరికా వంటి దేశాల్లో సరస్సుల మీద విహారానికి నడిపే పడవల్లో పెట్రోలు ఇంజన్లను పడవ లోపలే బిగిస్తారు. పడవ లోపల పొగ గొట్టం ఎర్రగా కాలితే ప్రమాదం కాబట్టి, దాన్ని రెండు పొరలుగా పోతపోసి, మధ్యలో నీళ్లు తిప్పుతారు. చివరకు ఆ నీళ్లను పొగలోనే కలిపి బయటికి వదులుతారు. సముద్రపు నీటిలో లీటరుకు 35 గ్రాముల వరకు ఉప్పు ఉంటుంది. ఆ ఉప్పు కొన్నేళ్లలో ఇనుప పోతను లోపలి నుంచి తినేస్తుంది. చిల్లు పడిన చోట నీళ్లు వెనక్కి జారి, వాల్వు దగ్గరికి, సిలిండరులోకి చేరతాయి. పైకి కనిపించే గుర్తులన్నీ హెడ్ గ్యాస్కెట్ పోయిన గుర్తులే. దోషం మాత్రం పొగ గొట్టానిది. వానలో నోరు తెరిచిన మన సైలెన్సరు కథే అది.

పెట్రోలు ఇంజనులో స్పార్క్ ప్లగ్గు మంచి సాక్షి. ప్లగ్గులన్నీ విప్పి వరుసగా పేర్చి చూస్తారు. నీళ్లు చేరిన సిలిండరు ప్లగ్గు తడిగా గాని, తుప్పు పట్టి గాని, కడిగినట్టు మరీ శుభ్రంగా గాని ఉంటుంది. పక్కపక్కనున్న రెండు సిలిండర్లలో ఒత్తిడి తక్కువగా ఉంటే, వాటి మధ్య గ్యాస్కెట్ పోయిందని అనుమానిస్తారు. ఒత్తిడి బాగానే ఉండి నీళ్లు మాత్రం వస్తుంటే, పొగ గొట్టాన్ని విప్పి, దాని రంధ్రాలు మూసి, నీళ్లు నింపి విడిగా పరీక్షిస్తారు. పడవలో ఇంకొక ప్రమాదం ఉంది. ఇంజను అందుకోకపోతే మళ్లీ మళ్లీ తిప్పుతూ పోతారు. తిప్పినంత సేపూ నీళ్లు వస్తుంటాయి, వాటిని బయటికి తోసే పొగ మాత్రం ఉండదు. సైలెన్సరు నిండి, నీళ్లు వెనక్కి తిరుగుతాయి. అందుకే అట్లాంటప్పుడు ఏటి నీళ్ల నల్లా మూసి తిప్పుతారు, అందుకోగానే తెరుస్తారు. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు కాబట్టి పడవ అడుగున నిలుస్తుంది. మొదలుపెట్టే ముందు నాలుగు నిమిషాలైనా పంకా వేసి ఆ ఆవిరిని బయటికి పంపడం అక్కడి నియమం.

ఇక, జాడ దొరికాక చేయవలసినవి. ఆయిల్‌లో నీళ్లుంటే ఇంజనును ఆ తరువాత ఒక్క గంట కూడా నడపవద్దు. 'ఈ తడి ఒక్కటి ఇచ్చి చూద్దాం' అనుకునే చోటే బేరింగులు పోతాయి. దోషం సరి చేయించి, కొత్త ఆయిల్ పోసి, కాసేపు నడిపి, ఆ ఆయిల్ కూడా దింపేసి మళ్లీ పోయించాలి. లోపలి మూలల్లో మిగిలిన నీళ్లు మొదటి ఆయిల్‌తో పోతాయి. గ్యాస్కెట్ మార్చేటప్పుడు పాతది మళ్లీ వాడవద్దు. హెడ్డు వంగలేదని చదునైన పట్టీ పెట్టి చూడమనండి. నట్లను ఒకేసారి బిగించకుండా, ఎదురెదురుగా, రెండు మూడు విడతలుగా బిగించాలి. అన్నిటికన్నా ముందు, గ్యాస్కెట్ ఎందుకు పోయిందో అడగండి. ఇంజను వేడెక్కి పోయిందంటే, సన్నపైపులో సున్నం పేరుకుని నీళ్లు సరిగా రావడం లేదేమో చూడాలి. కారణం ఉండగా కొత్త గ్యాస్కెట్ కూడా నిలవదు.

మంజీరకు వరద వచ్చి ఇంజను మునిగితే, నీళ్లు తీయగానే తిప్పి చూడాలన్న ఆత్రం వద్దు. ఆయిల్ దింపి, నాజిలు విప్పి, చేతితో తిప్పి నీళ్లు పోనివ్వండి. ఆ రంధ్రంలో నాలుగు చెంచాల ఆయిల్ పోసి మళ్లీ తిప్పండి. ఆ రోజే చేయాలి. తెల్లవారితే తుప్పు మొదలవుతుంది.

చేయకూడనివి మూడు. వేడిగా ఉన్న రేడియేటరు మూత తీయవద్దు. లోపల ఒత్తిడితో ఆగి ఉన్న నీళ్లు మూత కదలగానే ఆవిరై ముఖం మీదికి చిమ్ముతాయి. కాలిన ఇంజను మీద చన్నీళ్లు గుమ్మరించవద్దు. పోత ఇనుము పగులుతుంది. రేడియేటరులో పసుపు పోస్తే చిల్లు మూసుకుంటుందన్న మాట మీరూ వినే ఉంటారు. దారిలో ఆగిపోయినప్పుడు ఇంటికి చేరడానికి పనికి వస్తే రావచ్చు గాని, అది మరమ్మతు కాదు. ఆ పొడి సన్నటి గొట్టాలను కూడా మూసి, ఇంజనును మరింత వేడెక్కిస్తుంది.

చివరగా ఒక చిన్న అలవాటు. ఇంజను గది గోడ మీద సుద్దతో గాని, ఇంట్లో పిల్లవాడి పాత నోటుబుక్కులో గాని, తేదీ వేసి మూడు సంగతులు రాయించండి. ఆయిల్ మట్టం ఎంత, ఆయిల్ రంగు ఎట్లా ఉంది, నీళ్లు ఎన్ని పోశాం. మరాఠీలో రాసినా, తెలుగులో రాసినా ఒకటే. మేస్త్రీ వచ్చినప్పుడు ఆ కాగితం ఆయన చేతిలో పెట్టండి. 'ఏదో కారుతోంది' అని చెబితే ఆయన హెడ్డు విప్పుతాడు. 'రాత్రి పూట కారుతోంది, లైనరు అంచు దగ్గర తడి ఉంది' అని చెబితే రబ్బరు రింగులు తెస్తాడు. ఈ రెండు మాటల మధ్య తేడాయే మీ రెండు రోజుల కూలి, చేనుకు ఒక తడి.